నాన్న 3,500 జీతంతో స్థలం కొన్నాడు, నాకు 14,000 వచ్చినా నెల గడవడం లేదు: జీతాలు పెరిగినట్టా, పెరగనట్టా?

మీరు అడిగింది ముందు పొట్టిగా చెప్తాను, మధ్యలో వచ్చి చదివేవాళ్ళకు కూడా అర్థం కావాలి కదా. 2006లో మీ నాన్న తాడిపత్రిలో బండల పాలిష్ ఫ్యాక్టరీలో నెలకు 3,500 తెచ్చేవాడు. దాంతోనే ఇద్దరు పిల్లల్ని సాకి, ఊరి బయట మూడు సెంట్ల స్థలం 55 వేలకు కొన్నాడు. మీరు డిగ్రీ చేసి అనంతపురంలో బండ్ల షోరూములో 14,000కు పని చేస్తున్నారు, నాలుగేళ్ళు దాటింది. ఇంట్లో బండి, ఫ్రిజ్, రెండు ఫోన్లు ఉన్నాయి గాని ఇరవయ్యో తేదీ వచ్చేసరికి చేబదులు తప్పట్లేదు. "మీకు ఖర్చులు ఎక్కువైనాయి రా" అని నాన్న, "జీతాలే పెరగలేదు" అని మీరు. ఎవరు రైటో చెప్పమన్నారు.

సూటిగా చెప్పాలంటే: ధరల లెక్కలో చూస్తే మీ జీతం మీ నాన్న జీతం కంటే కొంచెం ఎక్కువే. కానీ 2006 నుంచి 2024 దాకా పద్దెనిమిదేళ్ళకు, ఒక డిగ్రీకి కలిపి ఆ "కొంచెం" చాలా తక్కువ. దానికి తోడు, మీ నాన్న ఆ రోజుల్లో మిగిల్చి కొన్న స్థలం, బంగారం లాంటివి జీతానికి అందనంత పైకి పోయాయి. చవకైనవేమో ఇంట్లో అందరి కళ్ళకూ కనిపించే వస్తువులు. అందుకే ఇద్దరికీ ఎవరిది వాళ్ళకు నిజమనిపిస్తోంది.

నేను తాడిపత్రి వైపు పాలిష్ ఫ్యాక్టరీలకు, సిమెంటు కాంట్రాక్టర్లకు, కొన్ని కొట్లకు జీతాల రిజిస్టర్లు రాస్తాను, పీఎఫ్ (భవిష్య నిధి), ఈఎస్ఐ (కార్మికుల వైద్య బీమా) పనులు చూస్తాను. వారం బట్వాడాలు చేతి మీదుగా ఇచ్చిన కాలం నుంచి బ్యాంకులో పడే కాలం దాకా ఈ పనిలోనే ఉన్నాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నా, ఓపికగా చదవండి.

ముందు లెక్క. పారిశ్రామిక కార్మికుల ధరల సూచీ అని ఒకటుంది, కేంద్ర లేబర్ బ్యూరో ప్రతి నెలా ఇస్తుంది, డీఏలన్నీ (ధరలను బట్టి జీతానికి కలిపే కరువు భత్యం) దాదాపు దీన్ని పట్టుకునే నడుస్తాయి. 2006 జనవరిలో అది 119 (2001ని 100గా తీసుకుంటే). 2024 జనవరిలో 138.9, కానీ ఇది 2016ని 100గా పెట్టిన కొత్త సిరీస్. రెండింటినీ పోల్చడానికి బ్యూరో వాళ్ళే 2.88తో గుణించమన్నారు, అలా చేస్తే 400 వస్తుంది. అంటే పద్దెనిమిదేళ్ళలో ధరలు సుమారు 3.36 రెట్లు. మీ నాన్న 3,500ను దాంతో గుణిస్తే 11,760. మీకు 14,000. చేతికొచ్చేది అడిగితే 12,815 అన్నారు, అది పీఎఫ్ 1,080, ఈఎస్ఐ 105 పోగా అయ్యుంటుంది. ఆ లెక్కన మీ నాన్న కంటే మీ చేతికి నెలకు వెయ్యి రూపాయల పైచిలుకు ఎక్కువ వస్తోంది. అంతే. మీ నాన్న ఏడో తరగతి, మీరు బీకాం అని గుర్తు పెట్టుకుని ఆ వెయ్యిని చూడండి.

ఇక్కడ ఒక మెలిక ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. సూచీలో ప్రతి ఖర్చుకూ ఒక వెయిటేజీ, అంటే మొత్తంలో దాని వాటా, ఉంటుంది, కార్మికుల ఇళ్ళలో సర్వే చేసి దాన్ని నిర్ణయిస్తారు. 1982 సిరీస్‌లో తిండికి 57 శాతం ఉండేది. 2001 సిరీస్‌లో 46.2, 2016 సిరీస్‌లో 39.17. బువ్వకు పోయే భాగం తగ్గింది, అది మంచిదే, కడుపు నిండుతోందని అర్థం. అదే సమయంలో చదువు, వైద్యం, రవాణా, ఫోను ఇవన్నీ కలిసిన "ఇతరాలు" పద్దు 23.26 నుంచి 30.31కి పోయింది. ఇంట్లో డబ్బు ఎటు పోతోందో సర్కారు లెక్కలోనే కనిపిస్తోంది. ఇంకొక సంగతి, ఆ సూచీలో ఇంటి బాడుగ ఉంటుంది గాని స్థలం ధర ఉండదు. మీ నాన్న కొన్న మూడు సెంట్ల దగ్గర ఇప్పుడు సెంటు 4 లక్షలు అంటున్నారని రాశారు కదా, ఆ పెరుగుదల ఏ డీఏలోనూ కలవదు.

అందుకని నేను ఎవరైనా అడిగితే రూపాయల్లో చెప్పను, నెలల్లో చెప్తాను. మీ నాన్నకు ఆ స్థలం విలువ పదహారు నెలల జీతం. మీకు అదే స్థలం 12 లక్షలు, అంటే ఎనభై అయిదు నెలల పైమాట, ఏడేళ్ళు ఒక్క రూపాయి తినకుండా దాచాలి. తులం బంగారం అప్పట్లో ఎనిమిది, తొమ్మిది వేలు, రెండున్నర నెలల జీతం. 2024 ఏప్రిల్‌కు 70 వేలు దాటింది, మీకు అయిదు నెలలు. ప్రొద్దుటూరు బజారుకు పెళ్ళి బంగారానికి పోయేవాళ్ళు గ్రాముల్లో అడగడం ఊరికే మొదలవ్వలేదు. ఇప్పుడు రెండో వైపు చూడండి: 2006లో కలర్ టీవీ కొనాలంటే మీ నాన్నకు రెండున్నర నెలల జీతం పెట్టాల్సిందే, ఇప్పుడు 32 అంగుళాల టీవీ మీ జీతంలో నెల కూడా కాదు. బట్టలూ, ఫోన్లూ, ఫ్యాన్లూ ఇదే దారి. సోనా బియ్యం మాత్రం అప్పుడు కిలో 16, 17 ఉన్నది ఇప్పుడు 55 పైనే, జీతం పెరిగిన తీరుకు దగ్గరదగ్గరగా నడిచింది.

మీ ఇంటికొచ్చిన మీ నాన్న గోడకున్న టీవీని, మూలనున్న ఫ్రిజ్‌ను చూసి "కలిగినోళ్ళు" అనుకుంటాడు. మీ దగ్గర లేని స్థలం ఆయన కంటికి కనిపించదు కదా.

మీరు రాసిన నెల ఖర్చు నేను మళ్ళీ కూడాను. బాడుగ 3,500, బండి ఈఎంఐ 2,400, పెట్రోలు 1,200, పాప ఎల్‌కేజీ ఫీజు ఏడాదికి 22 వేలు కాబట్టి నెలకు 1,850 దాకా, గ్యాసు, కరెంటు కలిపి 1,300, రెండు ఫోన్ల రీచార్జి 500. మొత్తం 10,750. చేతికొచ్చే 12,815లోంచి తీసేస్తే తిండికి, మందులకు, చుట్టపు చూపులకు, పెళ్ళి చదివింపులకు అన్నింటికీ మిగిలేది 2,065. బియ్యం, బేడలు ఊరి నుంచి నాన్నే పంపిస్తాడని కూడా రాశారు. అంటే ఆయన ఆ రోజుల్లో కూడబెట్టిన దాంట్లోంచి ఈ రోజుకూ మీ జీతాన్ని పూరిస్తున్నాడు, మీ ఓనరు ఇవ్వాల్సిన దాంట్లో కొంత ఆయన ఇస్తున్నాడనుకోండి.

ఈ పద్దుల్లో మీ నాన్నకు 2006లో ఏవి ఉన్నాయి? బాడుగ లేదు, తాత ఇంట్లోనే ఉన్నామన్నారు. బండి లేదు, సైకిలు. మీరు సర్కారు బడి. ఫోను లేదు. అవి లేకుండానే ఆయన ఉద్యోగం నడిచింది. మీరు బండి లేకుండా రాత్రి తొమ్మిదికి షోరూము మూశాక ఇంటికెట్లా పోతారు? స్మార్ట్‌ఫోన్ లేని సేల్స్‌మన్‌ను ఎవరు పెట్టుకుంటారు? వీటిలో సగం సోకులు కావు, ఉద్యోగానికి మీరు సొంతంగా పెడుతున్న పెట్టుబడి. ఆ పెట్టుబడి ఇదివరకు యజమాని మీదో, లేదంటే ఎవరి మీదా లేకుండానో ఉండేది, ఇప్పుడు జీతగాడి మీద పడింది.

ఒక్క బండి ఈఎంఐ దగ్గర మాత్రం నేను మీ నాన్న పక్షం. షోరూముల్లో నెలాఖరు టార్గెట్ కోసం స్టాఫ్ పేరు మీదే బండి బిల్లు చేయించడం నేను చూశాను, మీది అలాంటిదో కాదో నాకు తెలియదు. అలాంటిదైతే మటుకు, సెకండ్ హ్యాండ్ బండి 30 వేలకు దొరికే ఊర్లో జీతంలో ఆరో వంతు ఈఎంఐకి కట్టడం తప్పే.

మీ ప్రశ్నలో ఎక్కడో మధ్యలో "అమ్మ చేనికి పోయేది" అని ఒక మాట వదిలేశారు. నాకు అదే ముఖ్యంగా కనిపించింది. మీ ఇల్లు నడిచింది ఒక్క 3,500తో కాదు. శనక్కాయలు పెరికే రోజుల్లో, కాయలు ఒలిచే రోజుల్లో మీ అమ్మ తెచ్చిన కూలి ఉంది, మేకో బర్రో ఉంటే దాని ఆదాయం ఉంది, పొయ్యిలోకి కట్టె చేను గట్టు నుంచి వచ్చింది. ఉపాధి హామీ పథకం దేశంలో మొదలైంది మన జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న. అప్పుడు మన రాష్ట్రంలో రోజు కూలి 80. 2024-25లో 300. ధరల లెక్కతో 80ని గుణిస్తే 269 వస్తుంది, అంటే పద్దెనిమిదేళ్ళకు నిజంగా పెరిగింది ముప్పై రూపాయలు. అయినా ఊర్లో ఉన్న ఆడమనిషికి ఆ పని ఉంది. టౌనులో రెండు గదుల బాడుగ ఇంట్లో, బడి మధ్యాహ్నం వదిలిపెట్టే ఎల్‌కేజీ పాపతో మీ ఆవిడకు ఏ పని ఉంది? పాత లెక్క రెండు సంపాదనలది, కొత్త లెక్క ఒకటిన్నరో ఒకటో. పోల్చేటప్పుడు మనవాళ్ళు దీన్ని మర్చిపోతారు, మగాళ్ళం ముఖ్యంగా.

మరి జీతాలు ఎందుకు ఇలా ఆగాయి? పెద్ద పెద్ద కారణాలు ఎకనామిక్స్ చదివినవాళ్ళు చెప్తారు, నేను రిజిస్టర్ల వైపు నుంచి చెప్తాను. కనీస వేతనాన్ని అయిదేళ్ళకు మించకుండా ఒకసారి సమీక్షించాలని 1948 కనీస వేతనాల చట్టంలోనే ఉండేది. మన దగ్గర జరిగేది ఎక్కువగా ఏప్రిల్‌లో, అక్టోబరులో డీఏ మార్చడం. డీఏ అంటే ధరలు పెరిగిన మేరకు సర్దుబాటు, అది పెరుగుదల కాదు. బేసిక్ కదిలితేనే నిజంగా జీతం పెరిగినట్టు. బేసిక్ కదలకపోతే మనిషి ఎన్నేళ్ళు చేసినా ఉన్నచోటే ఉంటాడు. పైగా కనీస వేతనం అంటే ఇంతకు తక్కువ ఇవ్వకూడదని కదా, మన ఊర్లలో దాన్ని ఇంతకు మించి ఇవ్వక్కర్లేదని చదువుకున్నారు. నిన్న చేరినవాడికీ, పన్నెండేళ్ళ సీనియర్‌కూ ఒకే అంకె రాసిన రిజిస్టర్లు నా బీరువాలో ఉన్నాయి.

మీ నాన్న చేసిన పని సంగతే చూడండి. తాడిపత్రి, బేతంచెర్ల బండలకు ఒకప్పుడు ఎంత గిరాకీ అంటే రాత్రి షిఫ్టులు నడిపేవాళ్ళు. గుజరాత్ మోర్బీ నుంచి వచ్చే టైల్స్ ఊరూరా షాపుల్లోకి వచ్చాక కొత్త ఇళ్ళ వాళ్ళు టైల్స్ వైపు పోయారు. చదరపు అడుగు లెక్కన కూలి తీసుకునే మనిషికి రేటు తగ్గించక్కర్లేదు, పని రోజులు తగ్గితే చాలు. ఇక పీఎఫ్ మాట. ఇరవై మంది ఉంటే పీఎఫ్ కట్టాలి కాబట్టి ఒకే షెడ్డును అన్న పేరు మీద, బామ్మర్ది పేరు మీద, భార్య పేరు మీద మూడు లైసెన్సులుగా చూపించిన వాళ్ళున్నారు. మీ నాన్నకు పీఎఫ్ లేదన్నారు కదా, కారణం ఇలాంటిదే అయ్యుండొచ్చు. అంటే ఆయన 3,500 చేతికి పూర్తిగా వచ్చింది గాని అరవై దాటాక నెలనెలా వచ్చేది ఏమీ లేదు. మీ జీతంలో కోసుకునే 1,080కి అంతే మొత్తం కంపెనీ కలపాలి, దీన్ని మాత్రం మీ లాభం కింద రాసుకోండి.

ఇంకొకటి మీకు కోపం తెప్పించొచ్చు. మన దగ్గర బేల్దారి మేస్త్రీకి 2006 ప్రాంతంలో రోజుకు 150 ఇచ్చేవాళ్ళు, ఇప్పుడు 900 అన్నా పిలిచిన రోజు రాడు. ఆరు రెట్లు. నెలకు ఇరవై రోజులు దొరికినా మీ కంటే ఎక్కువే. అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్ఓ) వాళ్ళు ఢిల్లీలోని మానవాభివృద్ధి సంస్థతో కలిసి 2024 మార్చిలో ఇచ్చిన ఉపాధి నివేదికలో కూడా ఇదే ఉంది: 2012 నుంచి 2022 మధ్య ధరలు తీసేసి చూస్తే రోజు కూలి పెరిగింది, నెల జీతగాళ్ళది పెరగకపోగా కాస్త తగ్గింది. మన వైపు కారణం నాకు తెలిసినంతలో చాలా మామూలుది. తాపీ పట్టుకునే పిల్లలు తగ్గిపోయారు, డిగ్రీ పట్టుకుని ఏసీ షోరూములో కౌంటరు దగ్గర నిలబడ్డానికి వచ్చేవాళ్ళు ఒక పోస్టుకు యాభై మంది. మీ ఓనరుకు జీతం పెంచాల్సిన అవసరం ఏముంది చెప్పండి. ఆయన చెడ్డోడా మంచోడా అన్నది వేరే సంగతి.

అలాగని పాత రోజులు బంగారం అనుకోకండి, ఆ మాట అనేవాళ్ళలో సగం మంది ఆ పని చేసినవాళ్ళు కాదు. మోకాళ్ళ దాకా స్లర్రీ (బండ పొడి కలిసిన బురద) నీళ్ళలో నిలబడి బండ తిప్పిన మనుషుల కాళ్ళు నేను బట్వాడా రోజుల్లో చూశాను, వేళ్ళ సందులు తెల్లగా ఒరిసిపోయి ఉండేవి, డబ్బు తీసుకుని నేరుగా ఆయింట్‌మెంటు కొనడానికి పోయేవాళ్ళు. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదట పెట్టిన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. దానికి ముందు గుండె ఆపరేషన్ అంటే పొలం అమ్మడమే. 2023 జనవరి నుంచి రేషన్ బియ్యం ఉచితం. ఇవన్నీ కూడా బతుకు తీరులో భాగమే, జీతం చీటీలో కనిపించవు. వీటి వల్ల ఇంకొకటి కూడా జరిగింది, తక్కువ జీతంతో మనిషి బతకగలిగే పరిస్థితి ఏర్పడి ఆ మేరకు యజమాని మీద ఒత్తిడి తగ్గింది. దీన్ని నేను ఎక్కడన్నా అంటే నా క్లయింట్లకే నచ్చదు.

ఇప్పుడు మీరు చేయగలిగినవి, నాకు తెలిసినంతలో.

పే స్లిప్ తీసి బేసిక్, డీఏ ఎంత, "స్పెషల్ అలవెన్సు" ఎంత చూడండి. పీఎఫ్ 1,080 అంటే 9,000 మీదే కడుతున్నారు, మిగతా 5,000ను అలవెన్సుగా చూపిస్తున్నట్టుంది. ముందు షాపులు, సంస్థల కేటగిరీలో మీ పనికి ఆ ఆరు నెలలకు ప్రకటించిన కనీస వేతనంతో పోల్చండి, కార్మిక శాఖ ఆఫీసులో ఆ జాబితా ఉంటుంది. అలాగే అందరికీ ఒకేలా ఇచ్చే అలవెన్సును బేసిక్‌తో కలిపి, 15,000 పరిమితి దాకా, పీఎఫ్ కట్టాలని 2019 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అలా కడితే చేతికొచ్చేది ఆరు వందలు తగ్గుతుంది, కంపెనీ వాటాతో మీ పీఎఫ్, పెన్షన్ కలిపి పన్నెండు వందలు పెరుగుతుంది. ఇరవయ్యో తేదీకే చేబదులు చేసే మీకు ఇప్పుడు అది కావాలా వద్దా అన్నది మీరే తేల్చుకోవాలి, నేనైతే ఈఎంఐ అయిపోయాక అడుగుతాను.

బోనస్ ఇస్తున్నారా? 21 వేల లోపు జీతానికి కనీసం 8.33 శాతం హక్కు, స్వీట్ బాక్సూ ప్యాంటు గుడ్డా ఇచ్చి దసరా బోనస్ అయిపోయిందంటే ఒప్పుకోకండి. మీ విషయంలో అది తక్కువలో తక్కువ ఏడాదికి 7 వేల దాకా రావాలి. ఈఎస్ఐ కోసిన 105 వెనక్కి రాదు గాని మీ ఆవిడ, పాప, మీ మీద ఆధారపడితే అమ్మానాన్న కూడా అందులో ఉంటారు. వాళ్ళ పేర్లు ఎక్కించారో లేదో చూసుకోండి, సగం మంది స్టాఫ్‌కు భార్య పేరు కూడా ఎక్కి ఉండదు.

జీతం పెంచమని అడగడం కంటే కంపెనీ మారడంలోనే పెరుగుదల ఎక్కువ, ఇది రిజిస్టర్లలో స్పష్టంగా కనిపిస్తుంది. ఉన్నచోటే ఉన్నవాడికి ఏడాదికి అయిదొందలు కలిస్తే గొప్ప, పక్క షోరూముకు పోయినవాడు రెండు వేలు ఎక్కువతో చేరతాడు. పెనుకొండ వైపు కార్ల ఫ్యాక్టరీ, దాని చుట్టుపక్కల విడిభాగాల యూనిట్లు వచ్చాక బీకాం వాళ్ళకు స్టోర్సులో, డిస్పాచ్‌లో కూడా పనులున్నాయి. కాంట్రాక్టరు కింద చేరాల్సి వస్తే మాత్రం పీఎఫ్ యూఏఎన్ (మనిషికి ఒకటే ఉండే నెంబరు) పాతదే కొనసాగించమని చెప్పండి, కొత్తది తెరవనివ్వకండి.

కానీ తొందరపడి ఈ నెలలోనే మానేయకండి. నాలుగేళ్ళు దాటింది అన్నారు. పదిమంది కంటే తక్కువ స్టాఫ్ ఉన్న చోటైతే వేరు గాని, లేకపోతే అయిదేళ్ళు నిండితే గ్రాట్యుటీ (పని మానేటప్పుడు యజమాని ఇవ్వాల్సిన మొత్తం) వస్తుంది: బేసిక్, డీఏ కలిపి 9,000 అనుకుంటే ఏడాదికి 15 రోజుల లెక్కన, నెలను 26 రోజులుగా పట్టి, అయిదేళ్ళకు 25 వేల పైచిలుకు. ముందే మానేస్తే ఆ డబ్బు అడగడానికి ఉండదు. మీ అపాయింట్‌మెంట్ లెటర్ మీద చేరిన తేదీ, పీఎఫ్ పాస్‌బుక్‌లో చేరిన తేదీ ఒకటేనా కాదా చూడండి. మొదటి ఆరు నెలలు "ట్రైనీ" అని పీఎఫ్‌లో చూపించకుండా ఉంటారు కొందరు, అప్పుడు రేపు అయిదేళ్ళ లెక్కలో పేచీ వస్తుంది. తేడా ఉంటే ఆ రెండు తేదీలు, పే స్లిప్‌లో బేసిక్ ఎంతో ఇక్కడే కింద రాయండి, జీతం బ్యాంకులో పడిన మొదటి నెల స్టేట్‌మెంట్ కూడా తీసి పెట్టుకోండి.